‘అది అక్క రంగు’ అనే మాట: పిల్లల రంగుల ఇష్టం ఎక్కడి నుంచి వస్తుందో ఇంట్లోనే గమనించడం ఎట్లా

నాలుగేండ్ల కిందట దసరా బట్టల కోసం హన్మకొండ చౌరస్తాలోని ఒక దుకాణానికి పోయినప్పుడు, అప్పటికి మూడేండ్లు నిండిన మా అబ్బాయి బల్ల మీద పరిచిన అంగీల్లోంచి గులాబీ రంగుది ఎంచుకొని రెండు చేతులతో పొట్టకు అదుముకున్నాడు. నేను ఏమీ ఆలోచించకుండానే, ‘అది అక్క రంగు కొడుకా, నీకు ఈ నీలిది తీసుకుందాం’ అన్నాను. వాడు ఏడవలేదు, మారాం చేయలేదు. అంగీని తిరిగి బల్ల మీద పెట్టి, తాను పట్టుకున్న చోట పడిన ముడతను అరచేత్తో సాపు చేశాడు. ఆ తరువాత దాదాపు రెండేండ్ల పాటు వాడు రంగుల డబ్బాలోని గులాబీ పెన్సిలును బయటికి తీయలేదు. బొమ్మలో పువ్వు ఉన్నా దానికి ఎరుపో, నారింజో వేసేవాడు.

ఆ రోజు నా నోట వచ్చిన మాట మా అమ్మ నేర్పింది కాదు. ఆమె మమ్మల్ని పెంచిన రోజుల్లో మా ఇంట్లో ఆ మాటే లేదు. చిన్న తరగతుల పిల్లలకు ఏండ్ల తరబడి పాఠాలు చెబుతున్న నేను కూడా, చుట్టూ వినబడుతున్నదాన్నే తీసుకొచ్చి నా కొడుకుకు అప్పజెప్పాను. ఆడపిల్లకు గులాబీ, మగపిల్లవాడికి నీలం అనే ఇష్టం చాలా వరకు పుట్టుకతో వచ్చేది కాదని, రెండో ఏడు దాటాక ఐదారేండ్ల లోపల మన మాటల ద్వారా, మనం కొనితెచ్చే వస్తువుల ద్వారా పిల్లల్లో కుదురుకునేదని ఆ తరువాత చదివి, కండ్లారా చూసి తెలుసుకున్నాను. మీ ఇంట్లో ఇది ఎట్లా జరుగుతున్నదో గమనించడానికి, అవసరమైన చోట మార్చుకోవడానికి పనికివచ్చే పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను. గులాబీని ఇంట్లోంచి వెళ్లగొట్టాలని నేను చెప్పడం లేదు. ఏ రంగు మీదికైనా పోగల పసిచెయ్యి మధ్యలో ఆగిపోకూడదన్నదే నా తపన.

ముందు వయసు సంగతి

బిడ్డ వయసును బట్టి మీరు చేయవలసిన పని మారుతుంది కాబట్టి, పరిశోధకులు చెప్పినదాన్ని కొంచెం ఓపికగా చూడాలి. 2010లో ఇంగ్లండులో ఏడాది, ఏడాదిన్నర, రెండేండ్ల పిల్లలకు బొమ్మలను, రంగులను చూపించి వారి చూపు దేని మీద ఎంతసేపు నిలుస్తుందో లెక్కగట్టినప్పుడు, బొమ్మల విషయంలో ఆడ, మగ తేడా కనిపించింది కాని రంగుల విషయంలో కనిపించలేదు. పిల్లలందరి చూపూ నీలం కన్న ఎరుపు ఛాయల మీదే ఎక్కువగా నిలిచింది. మరుసటి ఏడు వెనెసా లోబ్యూ, జూడీ డీలోష్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు ఏడు నెలల నుంచి ఐదేండ్ల వరకు వయసున్న పిల్లల ముందు ఒకే రకం వస్తువులను రెండేసి చొప్పున, ఒకటి గులాబీ రంగులో, మరొకటి వేరే రంగులో పెట్టి, ఏది అందుకుంటారో చూశారు. రెండేండ్ల దగ్గర ఆడపిల్లలు గులాబీ వైపు మొగ్గడం మొదలైంది, రెండున్నరేండ్లకు అది స్పష్టమైంది. మగపిల్లలు మాత్రం వయసు పెరిగిన కొద్దీ గులాబీని తప్పించుకోసాగారు. తాము ఆడో మగో చెప్పడం పిల్లలు నేర్చుకునేది కూడా ఇంచుమించు ఆ వయసులోనే.

ఈ రెండింటిలో మగపిల్లల సంగతే నన్ను ఎక్కువగా కలచింది. ఆడపిల్ల ఒక రంగును ఇష్టపడడం నేర్చుకుంటుండగా, మగపిల్లవాడు ఒక రంగుకు జంకడం నేర్చుకుంటున్నాడు. ఇష్టం వయసుతోపాటు మారిపోతుంది. జంకు అట్లా తొందరగా పోదు. రంగుతో మొదలై, ఆ రంగులో ఉన్న వంటసామాను బొమ్మల మీదికి, పూల మీదికి, ముగ్గు మీదికి పాకుతుంది. బడిలో నేను దీన్ని ఏటా చూస్తున్నాను.

పెద్దవాళ్లలో తేడా ఉన్నదని చూపిన పరిశోధనలు లేకపోలేదు. 2007లో బ్రిటన్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయానికి చెందిన అన్యా హర్ల్‌బర్ట్, యాజూ లింగ్ స్త్రీల మొగ్గు ఎరుపు ఛాయల వైపు కొంత ఎక్కువగా ఉన్నదని చూపి, అడవిలో పండ్లు ఏరుకున్న పూర్వకాలపు స్త్రీల కంటిచూపుతో దానికి సంబంధం ఉండవచ్చని ఊహించారు. అయితే అదే పరిశోధనలో నీలం ఛాయలు స్త్రీపురుషులిద్దరికీ నచ్చాయి. పైగా చైనీయులకు ఎరుపు మీద మక్కువ బ్రిటన్ వారి కన్న ఎక్కువగా తేలింది, అక్కడ ఎరుపు శుభానికి గుర్తు. 2021లో వెలువడిన మరో అధ్యయనం పెరూ అడవుల్లోని షిపిబో పల్లెల్లో, వనువాటు దేశపు టన్నా దీవిలో, కాంగోలో అడవి మీద ఆధారపడి బతికేవారి పిల్లల్లో గులాబీ, నీలం ఎంపికలో ఆడ, మగ తేడా లేదని, ఆస్ట్రేలియా నగరపు పిల్లల్లో మాత్రం ఉన్నదని చూపింది. అడవిలో పండ్లు ఏరుకునే చోట కనిపించని తేడా, పండ్లను దుకాణంలో కొనుక్కునే నగరంలో కనిపించినప్పుడు దాని పుట్టుకను కంటిచూపులో వెతకడం కన్న ఇంట్లో, అంగట్లో వెతకడమే సరైనదని నాకు అనిపిస్తుంది.

అందువల్ల రెండేండ్లలోపు బిడ్డ ఉన్న ఇంట్లో గమనించవలసినది పెద్దవాళ్లనే, బిడ్డను కాదు. రెండు నుంచి ఆరేండ్ల మధ్య పిల్లలున్న ఇంటికి కింద చెప్పిన పనులన్నీ పనికివస్తాయి.

పాత ఫోటోలు బయటికి తీయండి

బీరువా అడుగున ఉన్న ఆల్బంను పిల్లలతో కలిసి కూర్చొని తిరగేయండి. మన వైపు చాలా ఇండ్లలో ఒక ఫోటో దొరుకుతుంది: పుట్టువెంట్రుకలు తీయించడానికి వేములవాడ రాజన్న దగ్గరికో, కొమురవెల్లి మల్లన్న దగ్గరికో పోయే ముందు మగపిల్లవాడికి జడ వేసి, పూలు పెట్టి, కాటుక దిద్ది, గౌను తొడిగి స్టూడియోలో తీయించినది. మా ఇంట్లో అది మా పెద్దన్నది. జడలో కనకాంబరాలు, చెంప మీద దిష్టి చుక్క, ఒక కాలికి జారిపోయిన మేజోడు. ఫోటో నలుపు తెలుపులో ఉన్నందువల్ల గౌను ఏ రంగుదో తెలియదు. అమ్మను అడిగితే, ‘ఏమో బిడ్డా, పక్కింటోళ్లను అడిగి తెచ్చిన గౌను, రంగెవరు చూసిండ్రు’ అన్నది. నా పిల్లలిద్దరూ ఆ ఫోటోను చాలాసేపు చూశారు. పెద్దమామ గౌను వేసుకున్నాడన్న సంగతి మా అబ్బాయికి నేను చెప్పిన ఏ మాట కన్న ఎక్కువగా పనిచేసింది.

ఇటువంటి ఫోటో అమెరికాలోనూ ఉన్నది. తరువాతి కాలంలో ఆ దేశాధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1884లో, రెండున్నరేండ్ల వయసులో, పొడవాటి జుట్టుతో, తెల్ల గౌనుతో కూర్చున్న ఫోటో అది. ఆ రోజుల్లో అక్కడ పసితనం దాటేదాకా ఆడ, మగ పిల్లలిద్దరికీ తెల్ల గౌన్లే వేసేవారు. మరక పడితే ఉడకబెట్టి ఉతుక్కోవచ్చునన్నది వారి లెక్క. ఆ దేశపు పిల్లల బట్టల చరిత్రను మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన జో పావొలెట్టి ఏండ్ల తరబడి పరిశోధించారు. 1918లో అక్కడి పిల్లల బట్టల వ్యాపార పత్రిక ఒకటి, గులాబీ దిటవైన రంగు కాబట్టి మగపిల్లలకు, నీలం సుకుమారమైనది కాబట్టి ఆడపిల్లలకు తగునని రాసింది. అదే కాలంలో దానికి విరుద్ధంగా చెప్పినవారూ ఉన్నారు, అంటే నియమం ఇంకా కుదరనేలేదు. ఇప్పుడు మనం చూస్తున్న పంపకం 1940ల్లో కుదురుకొని, మధ్యలో కొంత సడలి, 1980ల్లో కడుపులోని బిడ్డ ఆడో మగో ముందే తెలిపే పరీక్షలు అక్కడ మామూలై, తల్లిదండ్రులు కాన్పుకు ముందే రంగు చూసి సామాను కొనడం మొదలైన తరువాత గట్టిపడింది.

మన దేశంలో ఆ పరీక్ష చేసి చెప్పడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం. మన ఆచారంలోనైతే పురుడు దాకా పసిబిడ్డకు కొత్త బట్ట కూడా వేయరు; మెత్తబడిన పాత ధోతి ముక్కలోనో, పాత చీర ముక్కలోనో చుడతారు. ఆ ముక్క తాతదైతే తెలుపు, అమ్మమ్మదైతే ఏ రంగైనా కావచ్చు. అటువంటి ఇంట్లోనే ఇరవై ఒకటో నాటి తొట్టెలకు ఇప్పుడు ఆడపిల్లయితే గులాబీ, మగపిల్లవాడైతే నీలం బెలూన్లు కడుతున్నారు. ఈ మార్పు మన తాతల నుంచి రాలేదని, మన కండ్ల ముందే వచ్చిందని పిల్లలకు ఫోటోలు చూపిస్తూ చెప్పవచ్చు. ‘తాత చిన్నప్పుడు ఏం వేసుకున్నడు, ఇప్పుడది ఎవరు వేసుకుంటున్నరు’ అన్న ఒక్క ప్రశ్న చాలు.

మన దగ్గర రంగుకు ఉన్న అర్థాలు

మన పెద్దల కాలంలో రంగుకూ ఆడ, మగకూ సంబంధమే లేదనుకుంటే అది పొరపాటు. ఉండేది, కాని వేరే తీరుగా ఉండేది. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాలలో నకాశీ చిత్రకారులు వేసే పటాలను చూడండి. నిండు ఎరుపు నేల మీద దేవుళ్లకు నీలం, దేవతలకు పసుపు వేయడం అక్కడి ఆనవాయితీ. నీలం మగదేవుడిది అయింది కాని గులాబీ దేవతది కాలేదు. ఇక ముత్తైదువకు పసుపు, కుంకుమ, రంగు చీర ఇచ్చి, భర్త పోయిన రోజున వాటన్నింటినీ తీసేసుకున్న ఆచారం మనదే. గులాబీ, నీలం పంపకం కన్న అది ఎంతో క్రూరమైనది. మా నాయనమ్మ బతికిన చివరి ముప్పై ఏండ్లు ఆమె ఒంటి మీద ఒక్క రంగు చూసిన గుర్తు నాకు లేదు. పిల్లలు అడిగితే ఈ సంగతిని దాచకుండా చెప్పాలి. మనం పెంచిన పద్ధతే మనిషికి రంగును ఇస్తుందని, మనం పెంచిన పద్ధతే దాన్ని లాక్కుంటుందని వారికి అర్థమవుతుంది.

ఒకే రంగు అర్థం ఊరు దాటితే మారిపోతుందని చూపించడానికి దూరం పోనవసరం లేదు. ఆదిలాబాద్ వైపు కేస్లాపూర్‌లో పుష్యమాసంలో జరిగే నాగోబా జాతరలో మెస్రం వంశపు కొత్త కోడళ్లు తెల్ల చీరలు కట్టుకొని దేవుడికి పరిచయమవుతారు. మైదానపు ఊళ్లలో విధవరాలిది అనుకున్న తెలుపే అక్కడ కొత్త కోడలిది. బోనాలలో పోతరాజు ఒళ్లంతా పసుపు పూసుకుంటాడు. పెండ్లి నలుగులో ఆ పసుపునే పిల్లకూ, పిల్లగాడికీ పెడతాం.

గులాబీ రంగు సంగతిలో ఈ ప్రాంతం చేతిలో ఒక బలమైన ఉదాహరణ ఉన్నది. 2001 ఏప్రిల్ 27న ఏర్పడిన తెలంగాణ రాష్ట్ర సమితి గులాబీ జెండాను ఎత్తుకున్నది మొదలు, రాజకీయంగా ఎవరి అభిప్రాయం ఏదైనా, గులాబీ కండువా వేసుకున్న మగవాళ్లను చూడని పిల్లవాడు ఇక్కడ లేడు. 2025 ఏప్రిల్ 27న ఎల్కతుర్తిలో జరిగిన ఆ పార్టీ రజతోత్సవ సభకు పోయే దారులన్నీ ఆ రంగుతోనే నిండాయి. మెడలో ఆ కండువా ఉన్నంతసేపు అది ఆడవాళ్ల రంగు అని ఎవరికీ తోచదు. కొడుకు అంగీ దగ్గరికి వచ్చేసరికి తోస్తుంది. రంగులో ఏమీ మారలేదు, చుట్టూ ఉన్న సందర్భం మారింది. ఎర్రజెండా, నీలిజెండా పట్టుకొని నడిచిన ఆడవాళ్లను, మగవాళ్లను చూసిన ఓరుగల్లులో ఈ మాటను పిల్లలకు వివరించడం తేలిక.

వీలైతే ఒక ఆదివారం కొత్తవాడకు తీసుకుపోండి. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ దర్రీలను నేసే ఇండ్లు అక్కడ ఉన్నాయి. రంగు వృత్తి అయిన చోట మగవాళ్లు ఏ రంగునూ పక్కకు నెట్టరు. మగ్గం మీద కూర్చున్నవాడికి ఏ చారకు ఏ చార పక్కన కుదురుతుందన్నదే లెక్క. తిరిగి వచ్చేటప్పుడు రంగుల పేర్ల మీద ఒక ఆట ఆడండి. చీరల అంగడిలో రంగులకు చిలకపచ్చ, నెమలికంఠం, వంగపండు, కనకాంబరం, రాణి కలర్ అని పేర్లుంటాయి. మగవాళ్ల అంగీల దగ్గర అవే బిస్కెట్ కలర్, సిమెంట్ కలర్, స్కై బ్లూ అయిపోతాయి. ఒకరికి పిట్టలు, పూలు, పండ్లు; మరొకరికి సిమెంటు. దారిలో కనబడిన ప్రతి రంగుకూ ఇద్దరు పిల్లల చేతా పిట్ట పేరో, పువ్వు పేరో, పండు పేరో చెప్పించండి. పేరు తెలిసిన రంగును కన్ను తొందరగా పట్టుకుంటుందని నా అనుభవం.

ఇంట్లో చేసుకోదగిన చిన్న పరీక్ష

ఇందుకు పెద్ద సామాను అక్కర్లేదు. చాక్‌పీసులు, బెలూన్లు, రబ్బర్లు, స్పాంజి బంతులు వంటివి ఒకే ఆకారంలో, వేరువేరు రంగుల్లో దొరికేవి తీసుకోండి. గాజులు, జడ రబ్బర్లు, బొంగరాలు వంటివి వద్దు. అవి రంగుతో పని లేకుండానే ఆడవో, మగవో అయిపోయి ఉంటాయి. ఎనిమిది జతలు చేసి, ప్రతి జతలో ఒకటి గులాబీ రంగుది ఉండేలా చూడండి. బిడ్డ ఒక్కతే, లేదా ఒక్కడే ఉన్నప్పుడు ఒక్కో జతను నేల మీద పెట్టి, ‘నీకు ఏది కావాల్నో తీసుకో’ అని మాత్రమే చెప్పండి. గులాబీది ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి పెట్టండి, ఎందుకంటే కొందరు పిల్లలు ఎప్పుడూ ఒకే పక్కది అందుకుంటారు. ఏది తీసుకున్నా ‘శెబాష్’ అనకండి, కనుబొమలు ఎగరేయకండి. ఏమి తీసుకున్నారో వాళ్లు ఆడుకోవడానికి పోయిన తరువాత కాగితం మీద రాసుకోండి.

నాలుగు రోజులు ఆగి అదే పరీక్షను అక్కో, తమ్ముడో, మేనత్త పిల్లలో పక్కన ఉన్నప్పుడు మళ్లీ చేయండి. అసలు సంగతి ఈ రెండు కాగితాల మధ్య తేడాలో ఉంటుంది. మా అబ్బాయి నాలుగున్నరేండ్ల వయసులో ఒంటరిగా ఉన్నప్పుడు ఎనిమిదింటిలో మూడుసార్లు గులాబీది తీసుకున్నాడు. మా ఆడపడుచు కొడుకు పక్కన కూర్చున్న రోజున ఒక్కసారి కూడా తీసుకోలేదు. ఒక జత దగ్గర చెయ్యి గులాబీ బెలూన్ దాకా పోయి, అన్న ముఖం చూసి, పక్కకు మళ్లింది. కంటికి నచ్చనిదైతే ఒంటరిగా ఉన్నప్పుడూ ముట్టేవాడు కాదు కదా.

చివర ‘ఎందుకు నచ్చింది’ అని అడిగి, జవాబును వాళ్ల మాటల్లోనే రాసుకోండి. ‘మంచిగ మెరుస్తున్నది’, ‘జామపండు లెక్క ఉన్నది’ వంటి జవాబు రంగు గురించినది. దాన్ని అట్లాగే వదిలేయండి. ‘నేను మొగపిలగాన్ని గదా’, ‘అది ఆడివిల్లలది’ అన్న జవాబు ఇష్టం గురించినది కాదు, ఎవరో అతికించిన చీటీ గురించినది. ఆ చీటీ ఎక్కడిదో వెతకవలసింది అప్పుడు.

వారం రోజులు మీ మాటలు రాసుకోండి

చీటీకి ఎంత బలం ఉంటుందో 2018లో హాంకాంగ్‌లో చేసిన ప్రయోగం చూపింది. గులాబీ, నీలంలను పక్కన పెట్టి, ఎవరిదీ కాని పసుపు, ఆకుపచ్చలను తీసుకొని, వీటిలో ఒకటి అబ్బాయిలదని, మరొకటి అమ్మాయిలదని ఐదు నుంచి ఏడేండ్ల పిల్లలకు చెప్పారు. పిల్లలు తమదని విన్న రంగు వైపు మొగ్గారు. చీటీ పెట్టని పిల్లల్లో ఆ తేడా రాలేదు. అంతకుముందు రోజు వరకు పసుపుకు ఆడ, మగ లేదు. ఒక్క మాటతో వచ్చింది. దీన్ని చదివిన రోజున నాకు దుకాణంలో నేనన్న మాట గుర్తుకొచ్చి చాలాసేపు మనసు మనసులో లేదు.

ఒక చిన్న నోటుపుస్తకాన్ని వంటింట్లో పెట్టుకొని, వారం పాటు రంగు గురించి ఇంట్లో ఎవరు ఏమన్నా రాయండి. తప్పు పట్టకండి, సరిదిద్దకండి, రాయండి చాలు. మా ఇంటి వారంలో పదకొండు మాటలు దొరికాయి, వాటిలో ఐదు నావే. ‘పింక్ డబ్బా అక్కకు, బ్లూ డబ్బా నీకు’ అని అన్నం డబ్బాలు సర్దుతూ అన్నాను. సులువుగా గుర్తుపట్టడానికే అట్లా అన్నాను, అయినా విన్న పిల్లలకు అది నియమమే. డబ్బాల మీద పేర్లు రాసి అంటించిన తరువాత ఆ మాట అవసరం లేకపోయింది. ‘ఆడపిల్ల లెక్క ఆ రంగేంది’ అన్నది మా బావగారి మాట. దాన్ని ఎట్లా ఎదుర్కోవాలో కింద చెబుతాను.

మాటను మానడం కష్టం, మార్చడం సులువు. రంగును మనిషికి కట్టకుండా వస్తువుకు, వెలుతురుకు, వాడకానికి కట్టండి. ‘ఇది నీ రంగు’ అనే చోట ‘ఇది ఎండలో తొందరగా వెలిసిపోతది’, ‘దీని మీద మట్టి కనబడదు’, ‘ఇది నీ లాగుకు కుదురుతది’ అనండి. పిల్లలకు ఎంచుకోవడానికి కారణం దొరుకుతుంది, చీటీ దొరకదు.

దుకాణంలో

బట్టల దుకాణంలో మొదటి ప్రశ్న ‘బాబా, పాపా’ అన్నదే. దానికి జవాబు చెప్పిన మరుక్షణం సగం రంగులు బల్ల మీదికి రానే రావు. ‘మూడేండ్ల సైజులో ఉన్న అంగీలు అన్నీ చూపించండి’ అని అడగండి. బల్ల మీద అన్నీ పరిచిన తరువాత ముందు పిల్లల చెయ్యి పడనీయండి, మీ మాట తరువాత. ధర, గుడ్డ నాణ్యం, ఉతుకు మీరు చూసుకోవచ్చు. వద్దనవలసి వస్తే ఆ కారణంతోనే వద్దనండి. సైకిలు, బడి సంచి, రెయిన్ కోటు వంటివి పెద్దబిడ్డ తరువాత చిన్నబిడ్డకు రావలసినవి కాబట్టి, ఎరుపు, పసుపు, ఆకుపచ్చల్లో కొంటే డబ్బు కూడా మిగులుతుంది. అక్క గులాబీ సైకిలు తమ్ముడు తొక్కనంటే రెండోది కొనవలసి వచ్చిన ఇండ్లు నాకు తెలుసు.

బడిలో

ఉపాధ్యాయులు చదువుతున్నట్లయితే ఈ ఒక్కటి చేయమని వేడుకుంటున్నాను: తరగతి గోడ మీద అమ్మాయిల పేర్లు గులాబీ చార్టు మీద, అబ్బాయిల పేర్లు నీలి చార్టు మీద రాయకండి. నేను ఎన్నో ఏండ్లు అట్లాగే రాశాను, అందంగా ఉంటుందని. మేగన్ ప్యాటర్సన్, రెబెకా బిగ్లర్ అనే పరిశోధకులు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, చిన్నపిల్లలకు ఎరుపు, నీలం టీషర్టులు ఇచ్చి, కొన్ని తరగతుల్లో ఉపాధ్యాయుల చేత ఆ రంగును బట్టి వరుసలు కట్టించి, జట్లు చేయించారు. ఉపాధ్యాయులు రంగును వాడుకున్న తరగతుల్లో పిల్లలు తమ రంగువాళ్లే మంచివాళ్లని ఎక్కువగా అనుకున్నారు. రంగు కన్న, పెద్దవాళ్లు రంగుతో మనుషులను విడదీయడమే పిల్లల మీద పనిచేసింది. ఇప్పుడు మా తరగతిలో పేర్లన్నీ వర్ణమాల వరుసలో ఒకే చార్టు మీద ఉన్నాయి. జట్లను పుట్టిన నెలను బట్టి చేస్తాను.

ఎవరైనా నవ్వినప్పుడు

పిల్లవాడు గులాబీ అంగీ వేసుకొని బయటికి పోతే ఎవరో ఒకరు నవ్వుతారు. దానికి వాడిని ముందే సిద్ధం చేయకుండా పంపడం మంచిది కాదు. ‘ఎవరన్నా అంటే నాకు నచ్చింది అని చెప్పు’ అని ఇంట్లో రెండుసార్లు అనిపించండి. వాడు వేసుకోనంటే బలవంతం చేయకండి. మన పంతం కోసం బిడ్డను పదిమందిలో నిలబెట్టడం కూడా అదే తప్పు, తిరగబడిన రూపంలో. ఆడపిల్ల అన్నీ గులాబీవే కావాలని పట్టుబడితే వెక్కిరించకండి. మూడు, నాలుగేండ్ల వయసులో ఆ పట్టుదల చాలా మందిలో వస్తుంది, ఆరేడేండ్లు వచ్చేసరికి తామే పక్కన పెట్టేవారూ చాలామందే. ‘ఎప్పుడు చూసినా ఆ పింకేంది’ అన్న మాట వల్ల ఆడపిల్లలదైనదంతా తక్కువదని ఆమెకు వినబడుతుంది.

పెద్దవాళ్లతో వాదన పెట్టుకుంటే పని చెడుతుంది. మా అత్తమ్మ ‘నలుగురు నవ్వుతరు బిడ్డా’ అన్నప్పుడు, ‘మీ కొడుకుకు పుట్టువెంట్రుకలప్పుడు గౌను తొడిగితే ఎవరు నవ్విండ్రు అత్తమ్మా’ అని అడిగాను. ఆమె కాసేపు ఆలోచించి, ఆ గౌను కథంతా పిల్లలకు తానే చెప్పింది. బావగారికి మాత్రం పిల్లల ముందు ఏమీ చెప్పలేదు. వాళ్లు పడుకున్న తరువాత, రెండు కాగితాలనూ ఆయన ముందు పెట్టి, బెలూన్ దగ్గర చెయ్యి మళ్లిన సంగతి చెప్పాను. ఆ రోజు పక్కన కూర్చున్నది ఎవరో ఆయన అడగలేదు, కాని ఆ మాట మళ్లీ అనలేదు.

బతుకమ్మ రోజుల్లో

ఇంతకు మించిన అవకాశం ఏడాది మొత్తంలో మనకు రాదు. పెత్రమాస నాడు ఎంగిలిపూలతో మొదలై సద్దుల దాకా సాగే ఈ పండుగలో, తంగేడు, గునుగు కోసుకొని రావడం మగపిల్లల పని, పేర్చడం ఆడవాళ్ల పని అని పంపకం ఉన్నది. మధ్యలో ఒక పని ఎవరిదీ కాకుండా మిగిలి ఉన్నది. అది గునుగుకు రంగులద్దడం. దాన్ని ఇద్దరు పిల్లలకూ అప్పజెప్పండి. గునుగు కాడలను ఒకే ఎత్తుకు కోసి, గుప్పెడేసి కట్టలుగా దారంతో కట్టించండి. కిరాణాలో దొరికే పూల రంగు పొడిని వేడినీళ్లలో కలిపి, గులాబీ, ఊదా, ఆకుపచ్చ, ఎరుపు వేరువేరు గిన్నెల్లో పోయండి. కాడ పట్టుకొని తెల్లటి కొసలను మాత్రమే ముంచి, ఒకసారి విదిలించి, నీడన పాత పేపర్ మీద తలకిందులుగా ఆరబెట్టాలి. ఎండలో పెడితే రంగు చారలు పడుతుంది. ఏ గిన్నె ఎవరిదో చెప్పకండి. మా ఇంట్లో పోయినేడు అక్క ఆకుపచ్చ గిన్నె దగ్గర కూర్చుంటే, తమ్ముడు ఒకే కట్టను ముందు గులాబీలో, తరువాత ఊదాలో ముంచి, కొస ఒక రంగు, మొదలు ఒక రంగు వచ్చేలా చేశాడు. మా అత్తమ్మ ఆ కట్టలను వరుసంతా వాడి, పైన గుమ్మడిపువ్వు పెట్టింది. ఈ రంగు చేతులకు అంటితే సబ్బుకు పోదు, గోళ్ల చుట్టూ రెండు మూడు రోజులుంటుంది, బట్టలకైతే అసలే పోదు. కాబట్టి గిన్నెల దగ్గర కూర్చోబెట్టే ముందు ఇద్దరికీ పాత బనీన్లు తొడగండి.